చీలమండకు మూడు వేళ్ళ పైన

జూన్ 3

పిచ్చుకా,

ఉత్తరం చూసి కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. బాగానే ఉన్నవాళ్ళు ఉత్తరమెందుకు రాస్తారని అడుగుతావు. ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు. మా ఇల్లు రెండు గదులు. ఒక గదిలో దగ్గితే రెండో గదిలోంచి మంచినీళ్ళు వస్తాయి. అందుకే షాపులో కూర్చుని రాస్తున్నాను. జవాబు షాపు అడ్రసుకే రాయి. మీ వదినకు దీని సంగతి తెలియదు, తెలియక్కర్లేదు.

షాపు ఎప్పటిలాగే ఉంది. చేతి గడియారాలు తెచ్చేవాళ్ళు తగ్గారు. ఒక రిటైరైన హెడ్మాస్టరు మాత్రం వారానికోసారి గోడ గడియారం చంకలో పెట్టుకుని వస్తాడు, నిమిషం వెనకబడుతోందని. చూస్తే సరిగ్గానే ఉంటుంది. సరిచేశానని చెప్పి ఇచ్చేస్తాను. ఆయనకు తృప్తి, నాకు కాలక్షేపం.

అసలు సంగతి కాలిది. నా కుడికాలికి లోపలివైపు, చీలమండకు మూడు వేళ్ళ పైన ఒక పుండు పడింది. మొదట చొక్కా గుండీ అంత ఉండేది. ఇప్పుడు రూపాయి బిళ్ళ దాటింది. మూడు నెలలైంది, మానదు. నీళ్ళలా ఊరుతుంది. చుట్టూ చర్మం టీ మరక పడ్డట్టు గోధుమ రంగుకు తిరిగి గట్టిపడింది, దురద. పొద్దున కాలు మామూలుగానే ఉంటుంది, సాయంత్రానికి నిలబడి నిలబడి స్తంభంలా అవుతుంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుంది. మందుల షాపువాడు మూడు రకాల ఆయింట్‌మెంట్లు ఇచ్చాడు. మూడూ అయిపోయాయి, పుండు మిగిలింది.

నువ్వు ఆస్పత్రిలో కాళ్ళకు కట్లు కట్టే పనే చేస్తావు కదా. ఏ కట్టో ఎలా కట్టాలో రాసి పంపు. నువ్వు రానక్కర్లేదు. ఫోన్ అసలే చెయ్యకు.

అన్నయ్య


జూన్ 9

అన్నయ్యా,

కంగారుపడకని మొదలుపెట్టిన ఉత్తరం చదివి కంగారుపడనివాళ్ళు ఎవరుంటారు? నాకు ఇంటికి ఫోన్ చెయ్యాలని చెయ్యి పీకింది. వదిన ఎత్తితే ఏం మాట్లాడాలో తెలియక మానుకున్నాను. పదకొండేళ్ళుగా ఆవిడా నేనూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. కాలి పుండుతో మొదలుపెట్టడం బాగుండదు కదా.

ముందు నీకు రోగం అర్థం కావాలి. గడియారం విప్పి చూసేవాడివి, దీన్నీ చూడగలవు. కాళ్ళలోకి దిగిన రక్తం మళ్ళీ పైకెక్కాలి. కిందికి జారిపోకుండా సిరల్లో చిన్న చిన్న తలుపులుంటాయి. అవి వదులైతే రక్తం చీలమండ దగ్గర నిలిచిపోతుంది. నిలిచిన నీరు గోడను నానబెట్టినట్టు అది చర్మాన్ని నానబెడుతుంది. చివరికి ఏ చిన్న గీత పడినా పుండవుతుంది. కాబట్టి పైన ఎన్ని పూతలు పూసినా లాభం లేదు. బయటినుంచి ఒత్తిడి పెట్టి ఆ రక్తాన్ని పైకి పంపాలి. కట్టు చేసే పని అదే. కింద బిగువు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ.

అయితే ఇది జాగ్రత్తగా చదువు. పరీక్ష చేయించుకోకుండా కట్టు కట్టకు. చేతికీ కాలికీ రక్తపు ఒత్తిడి కొలిచి పోల్చి చూస్తారు, ఇరవై నిమిషాల పని, నొప్పుండదు. కాల్లోకి రక్తం దిగడమే తక్కువైన మనిషికి బిగించి కట్టామనుకో, ఆ దిగేది కూడా ఆగిపోతుంది. వేళ్ళు పోతాయి. మా కట్ల గదికి అలాంటివాళ్ళు నెలకొకరైనా వస్తారు, ఎవరో చెప్పారని ఇంట్లో కట్టుకుని.

ఒకటి మాత్రం నాకు అంతుబట్టలేదు. నిలబడి నిలబడి అని రాశావు. నువ్వు నిలబడేది ఎక్కడ? పొద్దుటినుంచి స్టూలు మీద కూర్చుని కంటికి అద్దం పెట్టుకునేవాడివే కదా. నిన్న ఒక బస్సు కండక్టరు వచ్చాడు, ఇరవై ఆరేళ్ళు నిలబడ్డ కాళ్ళు. నువ్వు రాసిన లక్షణాలన్నీ అతనికీ ఉన్నాయి.

ఉదయం మంచం దిగకముందు టేపుతో కొలిచి పంపు. చీలమండ పైన సన్నగా ఉన్నచోట ఎంత, పిక్క లావుగా ఉన్నచోట ఎంత. ఖాళీ దొరికినప్పుడల్లా కాలు గుండెకన్నా ఎత్తులో పెట్టుకో. పరీక్ష చేయించుకున్నాక నాకు రాయి.

పిచ్చుక


జూన్ 18

పిచ్చుకా,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తలుపుల సంగతి బాగా అర్థమైంది. పరీక్ష సంగతి మాత్రం నువ్వనుకున్నంత తేలిక కాదు. షాపు మూసి వెళ్ళాలి. వెళ్తే ఎందుకు వెళ్ళావని అడుగుతారు. కాలికి వేస్తే మెడకూ మెడకు వేస్తే కాలికీ వేస్తున్నాననుకోకు. వీలు చూసుకుని చేయించుకుంటాను.

నువ్వు తిడతావని తెలిసి కూడా జరిగింది దాచకుండా రాస్తున్నాను. నీ జవాబు వచ్చేలోపే మందుల షాపువాడు సాగే బ్యాండేజీ ఇచ్చాడు. ఒక సాయంత్రం పని నుంచి రాగానే కట్టు పడింది. కింద వదులుగా పెట్టి, జారిపోకూడదని పిక్క పైన రెండుసార్లు మడిచి పిన్ను పెట్టాను. గంట తిరక్కుండానే కాలి వేళ్ళు సిరా ఒలికినట్టు నీలంగా అయ్యాయి. తిమ్మిరి. విప్పేసరికి పిక్క చుట్టూ తాడుతో కట్టినట్టు గాడి, దాని మీద బొబ్బలు మూడు. పక్కింటివాళ్ళు అరుపు విని తలుపు కొట్టారు. బొబ్బలు ఇప్పుడు ఆరుతున్నాయి, వేళ్ళ రంగు ఆ పూటే తిరిగొచ్చింది. ఇక కట్టు మాటెత్తితే ఇంట్లో యుద్ధమే.

కొలతలు సాయంత్రమే తీయడం కుదిరింది. చీలమండ దగ్గర 27, పిక్క 41 సెంటీమీటర్లు. ఇవి చాలనుకుంటాను. వీటికి సరిపోయే బిగుతు మేజోళ్ళు ఉంటాయటగా, ఒక జత పంపెయ్యి. తొడుక్కోవడం తేలికని షాపువాడన్నాడు.

హెడ్మాస్టరుగారు నిన్న కొత్త ఫిర్యాదుతో వచ్చారు, గడియారం ముందుకు పోతోందట. నేను సరిచెయ్యడం వల్లే అన్నారు.

అన్నయ్య


జూన్ 23

అన్నయ్యా,

ఈ ఉత్తరం డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, రాత కుదురుగా లేకపోతే నీ వల్లే.

41 అన్నావు. నీ పిక్క సంగతి నాకు తెలియదా? చిన్నప్పుడు నిన్ను కొంగ అని ఏడిపించింది నేనే. పోయినేడు షాపుకొచ్చినప్పుడు చూశాను, ఇప్పటికీ కొంగవే. ఆ కాలు 41 అయిందంటే లోపల చేరిన నీరు ఎంతో నువ్వే లెక్కేసుకో. ఇది సిరల వల్ల మాత్రమే అనిపించడం లేదు నాకు. గుండె బలహీనపడ్డా, మూత్రపిండాలు సరిగ్గా పనిచెయ్యకపోయినా కాళ్ళకు నీరు పడుతుంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా? పడుకుంటే ఊపిరాడుతోందా? రెండో కాలు కూడా ఉబ్బుతోందా? రేపే డాక్టరు దగ్గరికి వెళ్ళు. మేజోళ్ళు పంపను. గుండె సరిగ్గా లేనివాడి కాళ్ళలో నీటిని ఒక్కసారిగా పైకి తోస్తే ఏమవుతుందో నేను చూశాను.

నాకు కోపం వస్తోంది. నీమీద కాదు. ఒకే ఇంట్లో ఉన్న మనిషికి మూడు నెలలుగా పుండు ఊరుతుంటే వదిన కంటికి కనబడలేదా? వేళ్ళు నీలంగా అయ్యేలా కట్టు పడితే దాన్ని సరిచెయ్యడానికి పక్కింటివాళ్ళు రావాలా? దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే మనిషికి ఒక పుండు శుభ్రంగా ఉంచడం చేతకాదా? అయినా నేను ఆశ్చర్యపోవడం దేనికి. అమ్మ మడమ దగ్గరే ఆవిడ చూసుకునే తీరు నాకు తెలిసింది.

రాయకూడదనుకున్నాను, రాశాను. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళావని తెలిస్తేనే నాకు కుదురు.

పిచ్చుక


జూలై 2

పిచ్చుకా,

నా గుండె బాగుంది. నువ్వు భయపెట్టావని నిజంగానే వెళ్ళి చూపించుకున్నాను. మూత్రపిండాలు కూడా బాగున్నాయి. నా కాళ్ళు రెండూ కొంగ కాళ్ళే, వాటి మీద దోమ కాటు కూడా లేదు.

పుండు మీ వదినది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, ఇక పడనీ. ఆమె ఇరవై రెండేళ్ళుగా లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడుతోంది. ఎనిమిది గంటలు, ఆవిరిలో. పుండు పడ్డ సంగతి నాకే నెల తర్వాత తెలిసింది. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాదు. నీకు రాస్తానంటే, "ఆ మాట మళ్ళీ అంటే ఈ ఇంట్లో నేనుండను" అంది. అందుకని కాలు నాదని రాశాను. నీ మందు ఆమె కాలికి అందుతుంది, ఎవరి పరువూ పోదు అనుకున్నాను. తెలివైన పని చేశానని నాలో నేనే మురిసిపోయాను కూడా.

మొన్న లాండ్రీలో బాయిలరు చెడిపోయి మధ్యాహ్నానికే వదిలేశారు. ఆమె నేరుగా షాపుకొచ్చింది. నేను హెడ్మాస్టరుగారింటికి గడియారం బిగించడానికి వెళ్ళాను. పోస్టుమాన్ నీ ఉత్తరం ఆమె చేతికే ఇచ్చాడు. పైన నీ చేతిరాత. పదకొండేళ్ళైనా మర్చిపోలేదట.

నేనొచ్చేసరికి ఉత్తరం బల్ల మీద విప్పి ఉంది. ఆమె నా స్టూలు మీద కూర్చుని ఉంది.

"నా కాలు మీ కాలు ఎప్పుడైంది?" అంది.

"నీ మంచికే కదా..."

"నా మంచికి అబద్ధమాడారు, సరే. దానికి నాకేం దక్కిందో చదవండి. పైకి చదవండి."

చదివాను. చేతకాదా అన్నచోట ఆగాను. "ఆగకండి," అంది. అమ్మ మడమ మాట దాకా చదివించింది. అయ్యాక ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడతపెట్టింది. షాపులో గడియారాలన్నీ ఒకేసారి కొట్టుకుంటున్నట్టనిపించింది.

"ఈ పుండు చూపిస్తే ఏమంటుందో నాకు ముందే తెలుసు. తెలిసే మూడు నెలలు దాచాను. చూపించకుండానే అనిపించారు మీరు," అంది.

ఇంటికెళ్ళి పుండు మీదున్న గుడ్డ కూడా తీసేసింది. మర్నాడు ఉత్త కాలితో పనికి వెళ్ళింది. నాతో అవసరమైన మాటలే మాట్లాడుతోంది. పుండు అంచు ఎర్రబడింది, వాసన వస్తోంది. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల అని నన్ను తిట్టు, పడతాను. కానీ ఏం చెయ్యాలో చెప్పు.

నీ తెలివితక్కువ అన్న


జూలై 7

వదినా,

ఇది నీకే రాస్తున్నాను. కవరు మీద నీ పేరే ఉంది. అన్నయ్యను చదవనివ్వాలో వద్దో నీ ఇష్టం.

ముందు కాలి సంగతి, ఎందుకంటే అది ఆగదు. అంచు ఎర్రబడి వాసన వస్తోందంటే చీము పట్టి ఉండొచ్చు. ఈ వారంలోనే చూపించుకో. నా దగ్గరికి రానక్కర్లేదు, మీ ఊళ్ళోనే పెద్దాస్పత్రిలో కాళ్ళ సిరలకు వేరే గది ఉంది. సిరల పుండు మురికి వల్ల పడదు. రోజుకు పదిసార్లు కడిగే కాళ్ళకూ పడుతుంది. నిలబడి పని చేసేవాళ్ళకు పడుతుంది. నా దగ్గరికి టీచర్లు వస్తారు, వంటవాళ్ళు వస్తారు, ఆపరేషన్ థియేటర్లో గంటలకొద్దీ నిలబడే సర్జనొకాయన కూడా వస్తాడు. అతని చేతులకన్నా శుభ్రమైన చేతులు ఎవరికుంటాయి? అతనికీ సరిగ్గా నీకున్నచోటే ఉంది.

ఇప్పుడు రెండో సంగతి. ఇది పదకొండేళ్ళ కింద చెప్పాల్సింది.

అమ్మ పోయిన రోజు ఇంటినిండా జనం ఉన్నారు. పెద్దమ్మ నన్నడిగింది, "మడమ మీద అంత పుండెలా పడిందే?" అని. నేను, "ఇంట్లో ఇంకాస్త శుభ్రంగా చూసుకుని ఉంటే పడేది కాదు" అన్నాను. నువ్వు నీళ్ళ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నావు. విన్నావని నాకు తెలుసు.

అప్పటికి నేను మీ ఊరి ఆస్పత్రిలోనే ఉద్యోగంలో చేరి మూడు నెలలు. అమ్మ చివరి తొమ్మిది రోజులూ ఉన్నది మా వార్డులోనే. చేరిన రోజు కాగితం నేను చూశాను. "రెండు మడమలూ బాగున్నాయి, చర్మం ఎక్కడా చెదరలేదు" అని రాసి ఉంది. రెండున్నరేళ్ళు మంచాన ఉన్న మనిషికి ఒంటి మీద ఒక్క పుండు కూడా లేదని మా పెద్ద నర్సు ఆశ్చర్యపోయింది. ఆ పుండు పడింది మా మంచం మీద. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల్సింది మేము. ఆ తొమ్మిది రోజుల్లో నాలుగు రోజులు డ్యూటీ నాదే. ముప్పై రెండు మంచాలకు ఇద్దరం, నిజమే. కానీ పెద్దమ్మ అడిగినప్పుడు ఆ మాట నా నోట రాలేదు. నీ మీదికి తోసేశాను. తర్వాత ఏళ్ళ తరబడి అదే నిజమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పోయిన నెల అన్నయ్యకు రాసేటప్పుడు కూడా అదే నిజమన్నట్టు రాశాను.

క్షమించమని అడగను. అడిగే హక్కు లేదు. కాలు మాత్రం చూపించుకో.

నీ ఆడపడుచు


జూలై 20

ఆడపడుచుకు,

నాకు తెలుసు.

అంబులెన్సు వచ్చేలోపు అత్తయ్యకు ఒళ్ళు తుడిచి బట్టలు మార్చింది నేను. మడమలు రెండూ అరచేతిలో పెట్టుకుని చూశాను. రోజూ చూసేదాన్ని. దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచేదాన్ని, ఎవరూ చెప్పకపోయినా. కాబట్టి నువ్వు చెప్పింది నాకు కొత్త కాదు. నాకు తెలిసింది నీకూ తెలుసన్నది కొత్త. ఇన్నాళ్ళూ నీకు తెలియదేమో, తెలియక అన్నావేమో అనుకునేదాన్ని. అలా అనుకున్నప్పుడు కొంచెం తేలిగ్గా ఉండేది.

ఆ మాట నువ్వు పదిమందిలో అన్నావు. ఈ మాట ఒక్కదానికి, అంటించిన కవర్లో రాశావు. ఆ పదిమందీ ఇంకా ఉన్నారు. మీ పెద్దమ్మ ఇప్పటికీ మా ఇంటికొస్తే గ్లాసు వెలుతురుకు పట్టి చూసిగాని నీళ్ళు తాగదు.

నాకు రాసేందుకు ఇంతకన్నా లేదు.

కాలు చూపించాను. నువ్వు చెప్పావని కాదు, లాండ్రీలో వాసన ఎవరికైనా తెలుస్తుందని. చీముకు మందిచ్చారు.

వదిన


ఆగస్టు 11

వదినా,

ఆదివారం పెద్దమ్మ ఎనభయ్యో పుట్టినరోజు. అందరూ చేరారు. మీ ఇద్దరూ రారని నాకు తెలుసు. అందుకే వెళ్ళాను.

ఎలా మొదలుపెట్టాలో ముందే అనుకుని వెళ్ళాను కానీ అక్కడ ఏదీ గుర్తు లేదు. భోజనాలయ్యాక అందరూ హాల్లో కూర్చున్నారు. అమ్మ ఫొటో ఏదో బయటికొచ్చింది, పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంది. అప్పుడు లేచి నిలబడి చెప్పేశాను. అమ్మ మడమ పుండు ఇంట్లో పడలేదు, ఆస్పత్రిలో పడింది, నా డ్యూటీలో పడింది, నాకు అప్పుడే తెలుసు, వదిన మీద అబద్ధమాడాను అని. అన్నీ చెప్పాను. నీళ్ళ గ్లాసు సంగతి కూడా.

పెద్దమ్మ ముందు, "ఇప్పుడెందుకే ఆ గొడవ, నా పుట్టినరోజు పూట" అంది. చిన్నమామయ్య, "అయితే ఆస్పత్రి మీద అప్పుడే కేసు వెయ్యాల్సింది" అని ఇంకో దారి పట్టాడు. మేనత్త మాత్రం నన్ను సూటిగా చూసి, "పదకొండేళ్ళు ఆ పిల్లను ఉతికి ఆరేశాం కదే" అంది. నేను బయల్దేరుతుంటే పెద్దమ్మ గుమ్మందాకా కూడా రాలేదు. ఎప్పుడూ బస్సు కనబడేదాకా నిలబడే మనిషి.

ఇది చెప్పినందుకు నువ్వు నాకేదో బాకీ పడ్డావని అనుకోవడం లేదు. ఒక్క మాట మాత్రం అడగాలి. చేతికీ కాలికీ పోల్చి చూసే పరీక్ష చేశారా? అది చేసి, బాగుందని తేలితేనే కట్టు. అదొక్కటి రాయి చాలు. రాయాలనిపించకపోతే అన్నయ్యతో రాయించు.

నీ ఆడపడుచు


సెప్టెంబరు 2

ఆడపడుచుకు,

పరీక్ష చేశారు. చేతిలో ఎంతుందో కాల్లోనూ దాదాపు అంతే ఉందట. కట్టొచ్చు అన్నారు. నాలుగు పొరలు కడుతున్నారు. లోపల దూది, పైన మామూలుది, దాని మీద సాగేది, ఆఖర్న తనకు తానే అంటుకునేది. మొదటి వారం కాలు ఎవరో పట్టుకుని వదలనట్టుంది. విప్పి పారేద్దామని రెండుసార్లు కత్తెర తీశాను. మీ అన్నయ్య కత్తెర తీసుకెళ్ళి షాపులో దాచాడు. ఇప్పుడు అలవాటైంది. వారానికోసారి మారుస్తారు. పుండు గుండీ అంతకు తగ్గింది. సాయంత్రం కాలు బరువు లేదు.

లాండ్రీ యజమానిని అడిగాను, మధ్యాహ్నం నుంచి మడతలు పెట్టే పని ఇమ్మని. కూర్చుని చేసే పని అది. ఇరవై రెండేళ్ళలో నేనడిగిన మొదటి కోరిక అట. కాదనలేకపోయాడు.

మీ పెద్దమ్మ వచ్చింది. చెప్పకుండా వచ్చింది. కాలు చూసి, "నొప్పా?" అంది. లేదన్నాను. నీళ్ళిచ్చాను. తాగింది. గ్లాసు వైపు చూడలేదు. అరగంట కూర్చుని వెళ్ళింది.

వచ్చే నెల మొదటి ఆదివారం నేను ఇంట్లో ఉంటాను. ఆ రోజు కట్టు మార్చాలి, ఆస్పత్రిలో ఆ గదికి సెలవు. నీకు వీలైతే రా. ముందే చెబుతున్నాను, నువ్వు విప్పేటప్పుడు నేను కాలిని చూడను, నీ ముఖం చూస్తాను. ముక్కు ముడిచావంటే ఆ పూటే బస్సెక్కిస్తాను.

వదిన


నవంబరు 26

అమ్మాయ్,

పుండు మూసుకుంది. మొన్న గురువారం చివరి కట్టు తీశారు. అక్కడ చర్మం ఉల్లిపొరలా పల్చగా, మెరుస్తూ ఉంది. వేలు పెట్టడానికి భయం వేసింది. కట్టు లేకపోతే కాలు నాది కానట్టుంది.

ఇక రోజూ మేజోళ్ళేనట. పొద్దున లేవగానే తొడగాలి, పడుకునేటప్పుడు తియ్యాలి, మానిందని మానేస్తే మళ్ళీ పడుతుందట. ఎన్నాళ్ళని అడిగితే, "నడిచినన్నాళ్ళూ" అంది అక్కడి నర్సు. కొలతలు పంపుతున్నాను. ఉదయం తీసినవి. చీలమండ 22, పిక్క 36, మడమ నుంచి మోకాలి కిందికి 39. ఎడమకాలికీ పంపు, దానికీ రంగు మొదలైంది. మొదటిసారి ఆస్పత్రివాళ్ళిచ్చిన జత మీ అన్నయ్య తొడిగాడు. మేజోటి మడమ బొటనవేలి దగ్గరికొచ్చింది. ఇద్దరం పావుగంట కుస్తీ పట్టాం. ఇప్పుడు రబ్బరు గ్లవుజులు వేసుకుని నేనే తొడుక్కుంటున్నాను.

లాండ్రీలో ఇంకో ఇద్దరు కాళ్ళు చూపించారు. ఒకామెకు నడిస్తే పిక్క పట్టేస్తుందట, ఆగితే తగ్గుతుందట. నా మేజోడు అడిగింది. ఇవ్వలేదు. ముందు పరీక్ష అని పంపాను. రక్తం దిగడమే తక్కువని చెప్పారట. ఇచ్చి ఉంటే ఏమయ్యేదో.

నువ్వొచ్చి కట్టు విప్పిన రోజు నీ ముఖం చూస్తానన్నాను, చూశాను. ముక్కు ముడవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నావు. నీళ్ళ ఆవిరి పట్టిందన్నావు. ఆవిరి గురించి నాకు చెప్పకు. ఇరవై రెండేళ్ళు అందులోనే ఉన్నాను.

ఇంకో సంగతి ఉంది. ఇది మీ అన్నయ్యకు కూడా చెప్పలేదు. అత్తయ్య ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ నేను రోజూ పని కాగానే వచ్చి పక్కన కూర్చునేదాన్ని. నాలుగో రోజో ఐదో రోజో ఆవిడ, "కాలు మండుతోందే" అంది. దుప్పటి ఎత్తి చూద్దామనుకున్నాను. నర్సులున్నారు, వాళ్ళలో మా ఆడపడుచే ఉంది, నేను కలగజేసుకుంటే ఏమనుకుంటారో అనుకున్నాను. నిజానికి రెండున్నరేళ్ళ తర్వాత మొదటిసారి ఎవరో నా బదులు చూసుకుంటున్నారని హాయిగా కూడా ఉంది. నీళ్ళు తాగించి వచ్చేశాను.

నువ్వు అందరి ముందూ అన్నీ నీ మీదే వేసుకున్నావు. అందులో ఇది లేదు. ఆ దుప్పటి నేనూ ఎత్తలేదు.

మీ వదిన